క్వార్టర్స్ నుంచి వచ్చే ఫోన్లు

కాలేజీలో గణాంకశాస్త్రం ప్రొఫెసర్ గది. మధ్యాహ్నం. కూతురు లోపలికి రాగానే ప్రొఫెసర్ తలుపు గడియ వేశాడు.

“చెయ్యి అలా వేలాడేయకు తల్లీ, బల్ల మీద పెట్టు. వేళ్లు కదులుతున్నాయా?”

“రెండు కదులుతున్నాయి.”

“పెదవి ఎలా చిట్లింది?”

“తలుపు తగిలిందని చెప్పనా, మీ అల్లుడు కొట్టాడని చెప్పనా?”

“అల్లుడా? పోలీసు లాఠీతోనా?”

“లాఠీ బయటివాళ్లకి. నాకు బెల్టు. ఇవాళ ఇస్త్రీ పెట్టె.”

“ఇస్త్రీ పెట్టెతో...”

“వేడిగా లేదులే. కరెంటు పోయింది.”

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాను. మొన్న వచ్చినప్పుడు మెడ చూపించాను. అల్లుడికి ప్రమోషన్ ఎప్పుడని అడిగావు.”

“నేను సరిగ్గా చూళ్లేదే.”

“కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నావు నాన్నా.”

“పోనీ, పోలీసుల అత్యవసర నంబరుకి ఫోన్ చెయ్యొద్దూ? ఏ ఇంటి నుంచి ఎన్నిసార్లు ఫోనొచ్చిందో చూసి, ఎక్కడ ప్రాణం మీదకి వచ్చేలా ఉందో లెక్కగట్టి, అక్కడికే ముందు కారు పంపేలా చేసింది నేనే కదా. రెండోసారి చేస్తే పరుగెత్తుకొస్తారు.”

“రెండోసారీ చేశాను, పదోసారీ చేశాను. ఫోన్ ఎత్తుతారు, అడ్రసు అడుగుతారు, పంపుతున్నామంటారు. ఎవరూ రారు.”

“అలా జరగదు. ఊళ్లో ఏ వీధికైనా...”

“ఏ వీధికైనా వస్తున్నారు. పోలీసు క్వార్టర్స్‌కే రావట్లేదు. మా పక్కింటి డ్రైవర్ భార్య కూడా చేసింది. మెట్ల మీంచి పడి చనిపోయిందన్నారు చూడు, ఆవిడ. మెట్ల మీంచి పడితే గొంతు మీద బూటు అచ్చు పడుతుందా?”

“ఆగు. క్వార్టర్స్ అన్నావా?”

“ఏం, క్వార్టర్స్ అయితే ఏంటి?”

“ఆ నంబర్లు... లెక్కలోంచి తీసేశాం.”

“తీసేయడమేంటి?”

“లైను పనిచేస్తోందో లేదో చూడ్డానికి మా ఇళ్ల నుంచే ఊరికే చేస్తుంటారు, అవి నిజం ఫోన్లు కావు, కలిపితే మీ లెక్క పాడైపోతుంది అన్నాడు. నిజమే అనిపించింది. లెక్కలో లేని ఇల్లు కారు పంపే వరసలోకి రాదు.”

“ఎవరన్నారు?”

“మంచినీళ్లు తాగుతావా?”

“ఎవరన్నారు నాన్నా?”

“కంట్రోల్ రూం చూసేది అల్లుడే కదమ్మా. మనింటివాడు, అబద్ధమెందుకు చెబుతాడనుకున్నాను. ఒక్క ఇంటికైనా వెళ్లి అడగలేదు.”

“మా ఇంటికైనా రావలసింది.”

“ఇప్పుడే వాడి పైఅధికారికి ఫోన్ చేస్తాను. వాడు నిన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వస్తాడు. ఆ కిటికీ దగ్గర కూర్చోకు, ఇటు రా.”

“రాడు.”

“వాడి కోపం సంగతి నీకు...”

“నాకు తెలీదా? రాడు నాన్నా, కూర్చో.”

“అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?”

“ఆ ఇస్త్రీ పెట్టె నా చేతికి చిక్కింది. పొద్దున చివరిసారి ఫోన్ చేసింది నా కోసం కాదు. తల పగిలి వంటింట్లో పడున్నాడు, ఇంకా ఊపిరుంది, తొందరగా రండి అని బతిమాలాను. పంపుతున్నామన్నారు. ఒళ్లు చల్లబడేదాకా పక్కనే కూర్చున్నాను, ఎవరూ రాలేదు.”