తెల్లగా వదిలిన గడి

ఆ టీ కూడా చల్లార్చేశారా? రెండోసారి వేడి చేసి తెచ్చాను అల్లుడు గారూ. మళ్ళీ మరిగిస్తే అది టీ కాదు, కషాయం. మీ మామగారు ఉన్నప్పుడు కూడా నేను ఇంతగా పొయ్యి ముందు నిలబడలేదు.

పొద్దున మీరు గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మీ ఆఫీసు నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. వానలు పట్టుకున్నాయట, కొత్త పటం వేయాలట. ఇక రారని చెప్పమన్నారుగా మీరు? నేను చెప్పలేదు. స్నానం చేస్తున్నారన్నాను.

అలా చూడకండి. ఉద్యోగం మానేస్తే అమ్మాయి లేచొస్తుందా? వస్తుందంటే చెప్పండి, నేనే వెళ్ళి మీ రాజీనామా ఇచ్చొస్తాను.

నాకేం తెలియదనుకుంటున్నారు కదూ. నా పక్కన కూర్చుని అదే అంతా చెప్పేది. మా ఆయన ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, ఎక్కడ నీళ్ళు నిలిచాయో, ఎక్కడ ఉక్క పెరిగిందో లెక్కగట్టి, డెంగీ ఏ వీధికి రాబోతోందో ముందే చెప్పేస్తారమ్మా అని. ఆయన పటంలో ఎర్ర గడి పడ్డ చోటికి దోమల పొగబండి పోతుందని. ఎంత మురిసిపోయేదో పిచ్చిది.

అమ్మాయికి జ్వరం రావడానికి ముందు వారం మన వీధి గడి తెల్లగా ఉంది. పైన మబ్బు కమ్మితే ఉపగ్రహానికి కింద ఏమీ కనబడదనీ, కనబడని చోట మీరు రంగు వేయకుండా వదిలేస్తారనీ మాకేం తెలుసు? మునిసిపాలిటీ వాళ్ళకే తెలియలేదు. తెలుపంటే జబ్బు లేదనుకున్నారు. పొగబండి మన సందు మొగలోంచే వెనక్కి తిరిగిపోయింది. మీరైనా మొదట్నుంచీ అలాగే వదులుతున్నారాయె, జనం దాన్ని ఇలా చదువుతారని ఎవరనుకుంటారు?

ఆ ఒక్క గడి మిమ్మల్ని తినేస్తోంది. నేనే చంపుకున్నానని మీరు నిద్రలో గొణగడం విన్నాను బాబూ.

అందుకే చెప్తున్నా. ఇంకెవరికీ చెప్పలేదు.

మేడ మీద పాత టబ్బుంది చూశారూ. వాననీళ్ళు నిండాయి, పారబోసొస్తానమ్మా అంది అమ్మాయి. నేనే వద్దన్నాను. మొక్కలకు పనికొస్తాయి, ఉండనీ అన్నాను. "మీ ఆయన పటంలో మన వీధి తెల్లగా ఉందిగా, ఇంకేం భయం?" అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఆస్పత్రి మంచం మీద కూడా ఆ మాట ఎత్తలేదు నా తల్లి. నీవల్లేనమ్మా అని ఒక్కసారి అన్నా బాగుండేది.

ఇక మీ ఇష్టం. నన్ను తిడతారో, మానతారో. ఆఫీసుకు మాత్రం వెళ్ళండి. మబ్బున్న చోట ఏదో ఒక రంగు వేయండి, ఇక్కడ మాకు కనబడలేదు అని పెద్ద అక్షరాలతో రాయండి. తెల్లగా వదలకండి. ఇంకో వీధిలో ఇంకో తల్లి నాలాగే చదువుకుంటుంది.

ఆ టబ్బా? అంతా అయిపోయాక మందు కొట్టేవాళ్ళు వచ్చి పారబోశారు. మొన్నటి వానకు మళ్ళీ నిండింది. రోజూ మెట్ల దాకా వెళ్తాను. ఎక్కడానికి కాళ్ళు రావు.

లేవండి నాయనా. చెరో పక్క పట్టుకుని వంచేద్దాం.