ఐదింటి దాకా పట్టుకో

1969 ఎండాకాలం. తెలంగాణ ఉద్యమ బంద్ వల్ల నాలుగు రోజులుగా బస్సులు లేవు, పోస్టాఫీసు టెలిఫోను పలకడం లేదు. మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ ఒక గుట్ట మీద ఇద్దరున్నారు. ఒకరు బడిలో సైన్సు చెప్పే సాముయేలు; లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే రేడియో సెట్టులో దూరపు దోస్తులతో మాట్లాడుతుంటాడు. రెండోవాడు గుట్ట కింద పొలం ఉన్న సంగయ్య, చేతుల్లో ఏరియల్ కట్టిన బొంగు.

“జర ఎడమకు తిప్పు సంగయ్యా. ఇంకా జర. ఆఁ, గట్లనే పట్టుకో, కదిలియ్యకు.”

“రెక్కలు గుంజుతున్నయ్ సారూ. ఈ బొంగును దేనికన్న కట్టేస్తె కాదా?”

“కట్టిన తీగ పగటిగాలికి తెగిపాయె గద. కొత్తది తేవాల్నంటె దుకాణాలన్ని బంద్. ఐదింటి దాకనే, పట్టుకో.”

“ఇప్పుడెంతయింది?”

“నాలుగున్నర.”

“పొద్దుగాల బ్యాటరీ నెత్తిన పెట్టుకొని ఎక్కిన. గింత గట్క గూడ తినలే. మా పోరడు మల్లేశ్ సంగతి ఎప్పుడడుగుతవ్?”

“ముందు పరీక్ష కానీ.”

“పొద్దుగాల గూడ గిదే మాటంటివి. వాడు సదివే సిటీల కాల్పులయినయట. మా పెంటమ్మ రెండు దినాల సంది అన్నం ముడుతలేదు. నీ దోస్తు మోషే దవాఖానల కంపౌండరే గద. దెబ్బలు తగిలినోళ్లను ఆడికే తెస్తున్నరట. సంగయ్య కొడుకు అండ్ల లేడు అని ఒక్క మాట చెప్పమను. నాకు గంతే కావాలె.”

“ఇది పోస్టాఫీసు కాదు సంగయ్యా. ఒకరి కబురు ఇంకొకరికి చేరేసుడు మా రూల్ల లేదు. ఎవడన్న ఇంటె లైసెన్సు గుంజుకుంటరు.”

“మరి దీంట్ల ఏం మాట్లాడుకుంటరు?”

“ఇనవడుతున్నదా, ఎంత సాఫ్ ఇనవడుతున్నది, గది.”

“గంతేనా? గింత సామాను గుట్టెక్కిచ్చి గంతేనా?”

“నవ్వకు, బొంగు ఊగుతున్నది. సిటీకి చేవెళ్లకు నడుమ ఈ గుట్టలు అడ్డం. మోషే ఆడ మాట్లాడితె మా ఇంట్ల గుర్రుమనుడు తప్ప ఏం రాకపోతుండె. ఈ డబ్బ ఆ మాట ఇంటది, ఇన్నదాన్ని అప్పటికప్పుడే గట్టిగ చెప్తది. నడుమ మనిషి అక్కెర లేదు. జుమ్మెరాత్ బజార్ల పాత మిలిటరీ సెట్లు ఏరుకొచ్చి, రెండేండ్లు నా చేతులతోని కట్టిన.”

“మా మల్లేశ్ గూడ కట్టిండు సారూ. సెలవులకొచ్చినప్పుడల్ల నీ ఇంట్లనే ఉండె, తీగ చుట్టుకుంట.”

“చుట్టిండు. వాని చెయ్యి ఒణకదు.”

“ఇది పలికినంక హాస్టల్ నుంచి నీతోని మాట్లాడ్త బాపూ అన్నడు.”

“పిల్లగాడు. రూల్ తెల్వదు.”

“బంద్‌కు ముందు హాస్టల్‌కు బయలెల్లేటప్పుడు గల్ల పట్టి ఆపిన. పోరలంత రోడ్డెక్కిండ్రు, నువ్వు ఎక్కకురా అన్న. మన కొలువులు మనకు రావాలె బాపూ అన్నడు. చెయ్యి ఇడిపిచ్చుకొని పోయిండు. పొద్దుగాల సైకిల్ మీద పోయి చూసొస్తనంటె నువ్వే పోనియ్యకపోతివి.”

“గండిపేట కాడ పోలీసులు కొడుతున్నరన్న గద.”

“కొడితె కొడుదురు. పగటియాళ్లకు ఆడ దిగుతుంటి.”

“నువ్వు పోతె ఈ బొంగు ఎవడు పట్టుకుంటడు? ఈ బంద్ల నాకు ఇంకొక మనిషి యాడ దొరుకుతడు? మా రేడియోలోళ్ల పెద్ద సారు ఢిల్లీ నుంచి ఒచ్చి బంద్ల చిక్కిండు, మోషే ఇంట్ల దిగిండు. ఐదింటికి ఇంటనన్నడు. రేపు రైలెక్కుతడు, మల్ల రాడు. నా రెండేండ్ల కష్టం ఈ అర్ధగంటలున్నది. నువ్వు జర ఓర్చుకుంటె ఏం పోతది?”

“నా పానం కొట్టుకుంటున్నది సారూ. మంచిగ లేదు నాకు.”

“ఎండకు. ఉండు, ఐదయింది, పిలుస్తరు. చెవులకు ఇవి పెట్టుకుంట. సప్పుడు చేయకు.”

“నాకు గూడ ఇనిపియ్యి.”

“ఒక్కరికే ఇనవడతది. హలో, మోషే. ఆఁ, ఇనవడుతున్నది. నమస్తే సార్. అవును సార్, అంత చేత్తోనే కట్టిన. పన్నెండు వోల్టుల బ్యాటరీ సార్. అవును. ఆఁ, మోషే, చెప్పు... ఎప్పుడు?”

“ఏమంటున్నడు?”

“సరే. సరే మోషే. అది తర్వాత. సార్‌కియ్యి. సార్, మాట ఎట్లొస్తున్నది సార్? జర గరగరనా? ఒక్క నిమిషం సార్. సంగయ్యా, కుడికి.”

“మోషే ఏమన్నడు?”

“కుడికి తిప్పు అంటున్న.”

“తిప్పిన.”

“ఇప్పుడు సార్? థాంక్యూ సార్. చానా థాంక్స్ సార్. మీ దయ.”

“అయిందా?”

“అయింది. పక్కన కూసొని మాట్లాడినట్టున్నదట. పత్రికల రాస్తనన్నడు, నా పేరుతోని. బొంగు ఇడిశిపెట్టు ఇగ.”

“ఇడిశిన. ఇగ అడుగు.”

“జర కూసో సంగయ్యా.”

“కూసునుడు ఎందుకు? అడుగు.”

“నీళ్లు తాగు.”

“సారూ, మోషేను ఎప్పుడు అని దేనికడిగినవ్?”

“మల్లేశ్ లేడు సంగయ్యా. మూడింటికి పానం పోయింది. నిన్న తూటా తగిలింది, కడుపుల.”

“మూడింటికి అంటె, ఇయ్యాలనా?”

“ఇయ్యాలనే.”

“నిన్న తగిలింది. ఇయ్యాల మూడింటి దాక ఉన్నడు నా కొడుకు. నీకెప్పుడు తెల్సింది?”

“పానం పోయిందని ఇప్పుడే, నీ ముందల్నే.”

“తూటా తగిలిందని?”

“గది... పొద్దుగాల. ఏడింటికి. బాపు కావాలె, బాపు కావాలె అంటున్నడు, జల్ది తోలియ్యి అన్నడు మోషే.”

“ఎనిమిదింటికి నేను నీ ఇంటికొచ్చిన.”

“ఒచ్చినవ్.”

“వాని సంగతేమన్న తెల్సిందా అని వాకిట్లనే అడిగిన. చాయ్ తాగిచ్చి బ్యాటరీ నెత్తికెత్తినవ్.”

“పొద్దు గూకినంక నేనే నిన్ను తోల్కపోదామనుకున్న. గింతల పోతడని నాకేమెరుక? దవాఖానల డాక్టర్లున్నరు, సూసుకుంటరనుకున్న.”

“టెలిఫోన్ లేదు, బస్సు లేదు. ఏడింటికి మోషే నీకెట్ల చెప్పిండు?”

“దీంట్లనే. డబ్బ నిన్నటి సంది ఈడనే ఉన్నది, పాత బ్యాటరీల ఇంకా జర పవర్ ఉండె, నేను ఇంట్ల ఇన్న. ఆ మాటయినంకనే ఆగిపోయింది.”

“మంచిగ ఇనవడ్డదా?”

“ఇనవడ్డది.”

“నా కొడుకు పేరు ఇనవడ్డదా? బాపు కావాలె అన్నది ఇనవడ్డదా?”

“అంత ఇనవడ్డది సంగయ్యా.”

“అంత ఇనవడ్డంక ఇంక పరీక్ష దేనికి పెట్టినవ్ సారూ?”