నీళ్ల తొట్టిలో ఇంజిన్

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. చెట్లు కోసే పనిలో దుంగ దొర్లి ముసలి మెకానిక్ కొడుకు చెయ్యి విరిగింది. షెడ్డులో ఆ ముసలాయన, కోడలు కలిసి కొడుకు మోటారు రంపం ఇంజిన్ విప్పారు. దాని దారులన్నీ రబ్బరుతో మూసి, లోపలికి గాలి కొట్టి, ఎక్కడ కారుతోందో చూడటానికి నీళ్ల తొట్టిలో ముంచారు.

"మామయ్యా, బుడగలు! ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు సీలు దగ్గర."

"పైన అంటుకున్న గాలిలేమ్మా. తుడువు."

"తుడిచాను. మళ్ళీ వస్తున్నాయి."

"నాకేం కనపడట్లేదు."

"నిన్న నా కూరలో వెంట్రుక పట్టిన కళ్ళేగా ఇవి!"

ఆయన ఇంజిన్‌ను తొట్టిలోంచి పైకి తీశాడు.

"బాగుచేస్తే రేపే చెట్ల కోతకు వెళ్తావు."

"వెళ్తాను. ఆయన చెయ్యి అతికేదాకా ఇల్లు గడవద్దూ?"

"వాడంతటివాడికే అలా అయింది తల్లీ. నాకు భయం."

"నాకూ భయమే. సీలు గాలి పీలిస్తే ఇంజిన్ వేగం చేతిలో ఉండదని మీరేగా చెప్పారు? మీరు చెయ్యకపోతే ఎవరి రంపమో అడిగి తెచ్చుకుంటా."

"ఎవరిదో వద్దు. అదెలా ఉంటుందో ఏమో."

"మరి?"

"కొత్త సీలు ఇలా ఇవ్వు."

"కళ్ళు కనపడుతున్నాయా?"

"వాగకుండా లైటు పట్టుకో."

మరునాడు పొద్దున్నే ఆయన గుమ్మంలో కూర్చుని, కొడుకు తోలు చేతొడుగులను కోడలి చేతికి సరిపోయేలా చిన్నవి చేసి కుట్టాడు.