తీసుకెళ్ళని జత

ఏంటమ్మాయ్, మొన్నటిదాకా పొద్దున్నే ఈ కొట్టు ముందు నుంచి దడదడా పరిగెత్తేదానివి, నాలుగు రోజులుగా అజాపజా లేవు? ఆఁ? పాంటు తొడల దగ్గర ఒరుసుకుంటోందా? అదీ సంగతి. అందరూ బద్ధకం అంటారుగానీ, సగం బద్ధకం బట్టల్లోనే ఉంటుంది. ఇటివ్వు, చూస్తా. కూర్చో, ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు. ఇదిగో, కుట్టంతా సరిగ్గా తొడల మధ్యకి తెచ్చి పెట్టాడు మహానుభావుడు. ఇది విప్పి, అక్కడ చదరంగా ఓ ముక్క వేసి, కుట్టు బయటికి తిప్పాలి. ఈ పని నాకు చెప్పిందెవరో తెలుసా? చచ్చిపోయినాయన. నవ్వకు, చెప్పేటప్పటికి బతికే ఉన్నాడులే.

మా తమ్ముడి గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. బస్తా అనేవాళ్ళం వాణ్ణి. ఆ పేరు పెట్టింది మా అమ్మే, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేవాడని. ఉద్యోగమూ అలాంటిదే దొరికింది, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేసే బల్ల. నలభై దాటాక నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు చూసి, కదలకపోతే ఏడాది తిరగదన్నాడు. మా మరదలు ఒకటే ఏడుపు. నాకు మాత్రం ఇంకెవరున్నారు, వాడొక్కడేగా. సరే, పాత పాంటు మోకాళ్ళకి కత్తిరించుకుని రోడ్డెక్కాడు. రెండ్రోజులు. మూడో రోజు తొడలు చీరుకుపోయి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చి, దీనికంటే పోవడమే హాయి అన్నయ్యా అని ఇదిగో ఈ మూల కూలబడ్డాడు.

అప్పుడు నా కళ్ళు పై అర మీదికి పోయాయి. బూడిదరంగు హోజరీ గుడ్డ, పాంటూ చొక్కా జత. ఓ పరుగులాయన కుట్టించుకున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, మాట మెత్తన, ప్రతిదానికీ 'ఏమీ అనుకోకండి' అనేవాడు. కుట్టు ఎక్కడ ఒరుసుకుంటుందో బొమ్మ గీసి మరీ చెప్పాడు. చీటీ తీసుకెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఇవ్వాల్సిన రోజుకి రెండ్రోజుల ముందు వంతెన మీద పరిగెడుతూనే పడి చనిపోయాడట. మా నాన్న, ఈ కత్తెర ఆయనదేలే, ఒకటే చెప్పేవాడు: కొలత ఎవరిదో గుడ్డ వాళ్ళది, తీసుకెళ్ళకపోతే పడుండనీ, ఇంకొకరికి తొడగకు అని. విన్లేదు. తమ్ముడు పోతాడన్న భయంలో నాన్న మాట ఎక్కడ గుర్తుంటుంది అమ్మాయ్? పక్కలు విప్పి, ముక్కలు కలిపి, కిందంతా రెండంగుళాలు మడిచి కుట్టి, వాడికి తొడిగా. అద్దంలో చూసుకుని, కాళ్ళు ఆగట్లేదన్నయ్యా అన్నాడు. వాడి నోట ఆ మాట. పొంగిపోయాననుకో.

ఇక చూడు. పొద్దున పరుగు, ఆఫీసు నుంచి రాగానే పరుగు. మూడు నెలల్లో సగమయ్యాడు. కలిపిన ముక్కలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చా. చివరికి నడుం, నేను ఆ పరుగులాయనకి సుద్దతో గీసిన గీతకే వచ్చి ఆగింది. ఆగితే ఆగింది, ఒళ్ళు తగ్గింది కదా అనుకున్నా. తర్వాత ఓ రోజు వచ్చి, పాంటు పొట్టిదైంది, మడత విప్పమన్నాడు. టేపు పెట్టి చూశా. నలభై దాటినవాడు రెండంగుళాలు పెరిగాడు! కొలతల పుస్తకం తీస్తే నడుం, ఛాతీ, కాలు, అన్నీ ఆయనవే. ఆ సాయంత్రమే మరదలు వచ్చి, బావగారూ, నిన్నటి నుంచి ఆయన నన్ను 'మీరు' అంటున్నారు అంది. ఆ జత విప్పించమ్మా, తగలబెడదాం అన్నా. విప్పడం లేదంది.

మర్నాడే. పట్టపగలు, ఎండ ఈ బల్ల దాకా వచ్చింది. ఆ గడపలో నిలబడ్డాడు. అంత దూరం పరిగెత్తి వచ్చాడా, చెమట లేదు, ఆయాసం లేదు. బల్ల మీద ఓ చీటీ పెట్టాడు. తడిసి ఎండిన కాగితం, నా చేతిరాత, ఆ పరుగులాయనకి రాసిచ్చిందే.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. నా జత సిద్ధమేనా?"

జత ఒంటి మీదే ఉంది. మొహం మా తమ్ముడిదే. ఒరే బస్తా, అంటే చాలు, మళ్ళీ మావాడై తిరిగొచ్చేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు చూశావూ, చీటీ కనబడితే చెయ్యి ఆగదు. తీసుకున్నా. ఇచ్చేసిన గుర్తుగా అడ్డంగా చింపి ఆ మేకుకి గుచ్చా. సిద్ధమేనండి, తీసుకెళ్ళండి, అన్నా. నా నోటితోనే. తలూపి, వంతెన వైపు పరుగందుకున్నాడు. ఎంత తేలిగ్గా పరిగెత్తాడనుకున్నావ్. ఇక తిరిగి రాలేదు. మా మరదలు బతికున్నన్నాళ్ళూ అడిగేది, ఆ రోజు మీ దగ్గరికేమైనా వచ్చారా బావగారూ అని. రాలేదమ్మా అనేవాణ్ణి.

...ఊఁ. ఇదిగో నీ చీటీ. ఎల్లుండి సాయంత్రం. పారేసుకోకు. నువ్వే రా అమ్మాయ్, ఇంకెవర్నీ పంపకు.