ఓడ్‌మార్ బిగించిన ఫిల్టర్

కాఫీ కొట్టు తలుపు తోసుకుని ఇంగ్‌విల్ లోపలికి రాగానే ఓడ్‌మార్ గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. అంతవరకూ పాత స్నేహితుడు స్వెర్రెతో మోకాళ్ళ నొప్పుల గురించి గొణుక్కుంటున్నాడు.

ఇంగ్‌విల్ హావ్‌డీస్ అనే చేపల పడవకి కెప్టెన్. ఆ పడవకి ఇంజిన్ మనిషి కావాలట అని పొద్దున్నే రేవంతా గుప్పుమంది. కాడ్ చేపల వేట మొదలై పడవలన్నీ సముద్రం మీదికి పోయినా ఈ ఏడు ఓడ్‌మార్‌ని రమ్మన్న నాథుడు లేడు. ఇప్పుడు కూడా పని దొరక్కపోతే చలికాలమంతా బావమరిది షెడ్డులో ఎండబెట్టే చేప తలకాయలు తాడుకి గుచ్చుకుంటూ, ఆ బావమరిది జోకులకి నవ్వుతూ కూచోవాలి. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది అతనికి. అలాగని వెళ్ళి నోరు తెరిచి అడిగితే బతిమాలినట్టుంటుంది. అందుకని ఆమె చెవిన పడేలా స్వెర్రెకి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇంతకీ ఆయిల్ ఫిల్టర్ బిగించడమంటే ఏమనుకున్నావు స్వెర్రే?"

"మోకాళ్ళ సంగతి చెప్తున్నావు కదయ్యా!"

"మోకాళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి! నేను నూర్‌లీస్ పడవలో పనిచేసినప్పటి మాట చెప్తున్నా విను. ఇంజినంటే ఇంజినా అది, ఈ కొట్టంత ఉండేది. దాని పక్కన వరసగా ఆయిల్ ఫిల్టర్లు, ఒక్కోటీ పాల క్యానంత. మార్చాల్సిన రోజు వచ్చిందంటే మిగతావాళ్ళకి చెమటలు పట్టేవి. నేను మాత్రం ఇదిగో, ఈ చెయ్యి! రబ్బరు వాషరుకి కాస్త నూనె రాయడం, మరకి ఎక్కించడం, రబ్బరు ఆనగానే ఇంకో ముప్పావు చుట్టు. పానా ముట్టుకుంటే ఒట్టు."

"ఎవరైనా అంతేగా. విప్పడానికి పానా, బిగించడానికి చెయ్యి," అన్నాడు స్వెర్రె, వాఫల్ అట్టు మీద గోధుమరంగు జున్ను పరుచుకుంటూ.

ఓడ్‌మార్ ఓరగా చూశాడు. వెనక బల్ల దగ్గర ఇంగ్‌విల్ కూచుని కాఫీ కలుపుకుంటోంది, ఇటు చూడట్లేదు. ఇలా లాభం లేదనుకున్నాడు.

"ఎవరైనానా? ఆ తర్వాత ఏమైందో తెలిస్తే ఆ మాట అనవు. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. అలలు చర్చి గోపురమంత. సరిగ్గా అప్పుడే ఆయిల్ ప్రెజర్ పడిపోవడం మొదలైంది, ఫిల్టర్లు పూడుకుపోయాయన్నమాట. ఇంజిన్ ఆపితే పడవ బండలకి కొట్టుకుంటుంది, ఆపకపోతే ఇంజిన్ పట్టేస్తుంది. కెప్టెన్ ఏడుస్తున్నాడు పాపం, నేనే కళ్ళు తుడిచాను. ఇంజిన్ ఆపకుండానే విప్పేశాను!"

"అదేం గొప్ప? ఒక వరస మూసి, రెండో వరస మీద నడపడానికి మీట ఉంటుందిగా."

"మీట చేతిలోకి ఊడొచ్చిందయ్యా! నూనె చిమ్ముతోంది, సలసలా కాగే నూనె. ఏం చేశాననుకున్నావు? బొటనవేలు పెట్టి కన్నం మూశాను. ఎడంచేతి బొటనవేలు అక్కడ, కుడిచేత్తో ఫిల్టర్ కోస్తున్నాను."

"అంత తుఫానులో కొయ్యడం దేనికీ?" కౌంటరు వెనకనించి అడిగింది కొట్టు యజమాని హల్దిస్.

"అదీ మాట! పాత ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూడనివాడు ఇంజనీరే కాదు. మడతల్లో ఏముందో చూస్తే ఇంజిన్ రోగం తెలిసిపోతుంది. తళతళా మెరుస్తోంది లోపల. అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు. ఇనుము కాదు, బేరింగు పొట్టు! ఇంకో మడత విప్పితే గుప్పెడు, ఇంకోటి విప్పితే దోసెడు. చివరి మడత విప్పేసరికి బేరింగు బేరింగంతా అందులోనే ఉంది, చెక్కుచెదరకుండా. తీసుకెళ్ళి మళ్ళీ దాని చోట పెట్టేశాను."

స్వెర్రెకి కాఫీ పొలమారింది. హల్దిస్ గుడ్డతో మొహం దాచుకుంది. వెనక బల్ల దగ్గర చెంచా చప్పుడు ఆగిపోయింది. ఓడ్‌మార్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు.

"ఇదంతా ఒక ఎత్తు, కొత్త ఫిల్టర్లు బిగించడం ఒక ఎత్తు. ఆ రోజు కసిగా బిగించాను. నేను బిగిస్తుంటే ఫిల్టర్ తిరగలేదు, పడవ తిరిగింది! కెప్టెన్ పైనించి అరుస్తున్నాడు, ఓడ్‌మార్, చాలు, పడవ ముక్కు ఉత్తరానికి పోతోందని. సరే పోన్లే అని ఆపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు, ఎటూ చెప్తావుగా."

"మరుసటి ఏడు నూర్‌లీస్ మునిగిపోయింది. నేను అందులో లేను కాబట్టే మునిగింది, అది వేరే సంగతి. అందరూ క్షేమంగా ఒడ్డుకొచ్చారు. చాలా ఏళ్ళకి దాన్ని పైకి తీద్దామని పెద్ద క్రేను తెచ్చారు. అడుగున చూస్తే ఏముంది, అంతా తుప్పే! ఎక్కడ పట్టుకున్నా విరిగి చేతిలోకొస్తోంది. గట్టిగా ఉన్నది ఒకే ఒక్కటి, నేను బిగించిన ఫిల్టర్. క్రేను కొక్కెం దానికి తగిలించి లాగితే ఇంజినూ, ఇంజిన్ వెనకాల పడవా, పడవ వెనకాల లంగరూ అన్నీ పైకి వచ్చాయి! ఒక్క చుక్క నూనె కారితే ఒట్టు!"

"నువ్వు బిగించినవన్నీ అంతేనా?"

ఆ గొంతు ఇంగ్‌విల్‌ది. కాఫీ కప్పు పట్టుకుని అతని బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది. చేప గాలానికి పడింది అనుకున్నాడు ఓడ్‌మార్.

"అన్నీ అంతే ఇంగ్‌విల్. ఈ చెయ్యి పడిందంటే అంతే."

"పోయిన శరదృతువులో మా ఇంజనీరు సెలవు పెడితే హావ్‌డీస్‌లో ఫిల్టర్లు మార్చింది కూడా నువ్వేనా? ఎవరు మార్చారో నాకు సరిగ్గా గుర్తులేక, అది కనుక్కుందామనే వచ్చాను."

"నేను కాక ఇంకెవరు?" ఓడ్‌మార్ కొట్టంతా చూసేలా చేతులు చాచాడు. "విన్నారా, కనుక్కుందామని వచ్చిందట! చెప్పు తల్లీ, చుక్కైనా కారిందా?"

"కారలేదు."

"చూశారా!"

"ఊడలేదు కూడా. నిన్నటినించీ ఊడట్లేదు." ఇంగ్‌విల్ కప్పు బల్ల మీద పెట్టింది. "మా ఇంజనీరు, ఇద్దరు డెక్కు మనుషులు వంతులవారీగా పట్టారు. డబ్బా నలిగి అప్పచ్చి అయింది గానీ కదల్లేదు. ఆఖరికి పానా జారి ఇంజనీరు మణికట్టు విరిగింది. అందుకే ఇంజిన్ మనిషి కావలసొచ్చింది. ఊళ్ళో పడవలన్నీ వేటకి పోతే నాదొక్కటీ రేవులో కూచుంది."

ఓడ్‌మార్ స్వెర్రె భుజం మీద చరిచాడు.

"విన్నావా? ముగ్గురి వల్ల కాలేదట! ఇదంతా కోతలన్నావే!"

"అనలేదయ్యా, అనుకున్నాను," అన్నాడు స్వెర్రె.

"కోతలేం కాదు," అంది ఇంగ్‌విల్. "అయితే రా మరి. చేత్తో బిగించావుగా, చేత్తోనే విప్పు. విప్పావంటే ఈ సీజనంతా ఇంజిన్ గది నీదే."

ఓడ్‌మార్ తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"వస్తా. దానికేం. కాకపోతే... ఇంటికెళ్ళి నా గొలుసు పానా తెచ్చుకుంటా."

"దేనికీ? అప్పుడు ముట్టుకోలేదుగా."

"ముట్టుకోలేదు. ఊరికే, తోడుగా ఉంటుందని."

"ఓడ్‌మార్," అంది ఇంగ్‌విల్ నెమ్మదిగా, "మావాళ్ళు పానా పెట్టకముందే ఆ డబ్బా చుట్టూ గొలుసు పళ్ళ గాట్లున్నాయి. అన్నీ బిగించే వైపుకే."

స్వెర్రె వాఫల్ పక్కన పెట్టి బల్ల మీద తల వాల్చి నవ్వాడు. హల్దిస్ కౌంటరు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఓడ్‌మార్ చెవులదాకా ఎర్రబడ్డాడు. చేప తలకాయల షెడ్డు, అందులో బావమరిది పళ్ళికిలింపు కళ్ళకి కట్టాయి.

"ఆ రోజు చెయ్యి కొంచెం బెణికింది..." అన్నాడు.

"ఎందుకైనా మంచిదని పక్క ద్వీపంనించి ఇంకో ఇంజనీరుని పిలిపించాను, మధ్యాహ్నం ఫెర్రీలో వస్తున్నాడు. నీ పానా పట్టుకురా, ఇద్దరూ కలిసి దాని పని పట్టండి." ఇంగ్‌విల్ కోటు బొత్తాలు పెట్టుకుంది. "వంటమనిషి చోటు కూడా ఖాళీగానే ఉంది. కథలు చెప్పేవాడుంటే మావాళ్ళకి పొద్దుపోతుంది. వస్తావా?"

"వస్తా!" ఆమె మాట పూర్తవకముందే అన్నాడు ఓడ్‌మార్. అప్పుడే స్వెర్రె వైపు విజయగర్వంతో తిరిగాడు. "చూశావా, ఎలా పిలుస్తున్నారో!"

ఇంగ్‌విల్ తలుపు దగ్గర ఆగింది.

"కానీ ఒక్క షరతు. జామ్ సీసా మూతలు మాత్రం నువ్వు పెట్టకు."