స్టాండ్ డౌన్ అంటే కూల్చమని కాదు

కాంట్రాక్టరు మీ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదులో 'ఇంగ్లిషమ్మాయి' అని రాసింది నా గురించే. వయసు ముప్పై నాలుగు. పాత కట్టడాలు కూల్చే కంపెనీలో దుబాసీని. విదేశీ ఇంజనీరు చెప్పేది మావాళ్లకు, మావాళ్లు చెప్పేది ఆయనకు చేరవేయడం నా పని. పేలుడు మీట నొక్కే మనిషి మా అక్క భర్త. మీరు అడగకముందే చెబుతున్నాను, మా మధ్య ఏ గొడవలూ లేవు.

నిన్న ఉదయం ఆరంతస్తుల భవనాన్ని పేల్చి కూల్చాలి. ముందురోజే బావకు వైర్‌లెస్‌లో వచ్చే మాటలు వివరించాను. 'సెట్ ఆఫ్' అంటే పేల్చడం, 'కాల్ ఆఫ్' అంటే మానుకోవడం, 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం అన్నాను.

"ఆఫ్ అంటే ఆపడమే కదే. అది పేల్చడం ఎట్లా అయింది?" అన్నాడు బావ.

"ముందున్న మాటతో కలిపి వినాలి బావా. విడదీస్తే కొంప మునుగుతుంది."

"ఆ దొరలకు ఒక్క మాటతో పని జరగదన్నమాట" అని నవ్వి టీకి వెళ్లిపోయాడు. 'స్టాండ్ బై' అంటే సిద్ధంగా ఉండటమని అతనికి తెలుసు. 'స్టాండ్ డౌన్' దాకా మేము రానేలేదు.

నిన్న పదిన్నరకు సైరన్ మోగింది. వీధి ఖాళీ చేయించారు. ఇసుక బస్తాల వెనక బావ, నేను. బావ పేలుడు మీట ఉన్న పెట్టెలో తాళంచెవి పెట్టి తిప్పాడు. "స్టాండ్ బై" అన్నాడు ఇంజనీరు. బావ బొటనవేలు మీట మీదికి వెళ్లింది. వెంటనే "స్టాండ్ డౌన్, స్టాండ్ డౌన్" అని వినిపించింది. ఆయన గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

"డౌన్ అన్నాడు. కూల్చేస్తున్నా" అన్నాడు బావ.

"కాదు బావా, విరమించమని."

సైరన్ హోరు. పైగా వైర్‌లెస్ ఆనించుకున్న చెవి తప్ప, నా వైపు చెవిలో దూది. నా మాట బావకు వినపడలేదు. అతని చెయ్యి పట్టుకుని లాగాను. తాళంచెవి పీకాను. పీకి ఏం చేయాలో తోచక పక్కనున్న నీళ్ల డ్రమ్ములో పడేశాను. చేతిలో ఉంటే మళ్లీ లాక్కుంటాడనిపించింది.

"పిచ్చిగాని పట్టిందా నీకు?" అన్నాడు బావ. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చి, పనంతా చెడగొట్టానని నా మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడే మూడో అంతస్తు కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. అక్కడ అద్దెకుండి ఖాళీ చేసిన దర్జీ ఆవిడ. వదిలేసిన కుట్టుమిషను కోసం వెనక గోడ దూకి లోపలికి వెళ్లిందట. కిటికీ పరదా కదలడం ఇంజనీరు కంటపడింది.

"అయ్యా, ఎవరైనా ఒక చెయ్యి వేయండి, చాలా బరువుగా ఉంది" అందావిడ.

బావ ఇసుక బస్తా మీద కూలబడ్డాడు. తన బొటనవేలినే చూసుకుంటూ ఉండిపోయాడు. తీగలు విప్పించాక, ఎవరూ చెప్పకుండానే పైకెక్కి మిషను భుజాన వేసుకుని దించాడు. ఆవిడ వెనకే దిగింది, కాలిపెడలు జాగ్రత్త అంటూ.

"స్టాండ్ డౌన్. ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు బావ నాతో. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఇద్దరం నవ్వుతున్నాం, ఇద్దరికీ కళ్లలో నీళ్లు.

మెల్లగా చెప్పమని మీరు రెండుసార్లు అన్నారు. నా వల్ల కావడం లేదండీ. ఆవిడ బతికే ఉంది కదా.

రాసింది చదివి వినిపించారు. 'బావను కొట్టి' అని ఉన్నచోట 'బావ చెయ్యి లాగి' అని మార్పించాను. కొట్టడం వేరు, లాగడం వేరు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉందని ఒప్పుకుని కింద సంతకం పెడుతున్నాను.

(సంతకం)