అత్త కూర్చుంటే వెలిగే లైట్లు

హలో… ఊఁ, నేనేనప్పా, ఆశని… నిన్ను ఎక్కించుకునేకి యాడొచ్చేది? కె.ఆర్.పురం బ్రిడ్జి దాటినాం, బండి నిలిచిపోయింది.

…పెట్రోలుండాది. పెట్రోలుతోనూ కరెంటుతోనూ రెండిటితోనూ పరుగెత్తే బండి అని నువ్వే కదా… ఆ, హైబ్రిడ్. పేరేదైతే ఏం, ఓరన నిలబెట్టుకోని ఉండాము.

…లైట్లా? సీరియల్ బల్బుల మాదిరి అన్నీ వెలుగుతాండాయి. ఎర్రది, పసుపుది, ముక్కోణం ఒకటి… 'రెడీ' అని పచ్చగా రావాల్సింది మాత్రం రాలా.

…ఎప్పుడంటే… ఎండ తగులుతాండాదని మీ అమ్మ వెనక సీట్లో ఆ పక్క నుంచి ఈ పక్కకి జరిగింది. అప్పుడే.

…ఆపి మళ్లా వేసినా. ఆయమ్మ దిగి బండికి దండం పెట్టింది, బాగైపోయింది. ఎక్కి కూర్చుంది, మళ్లా పోయింది… మూడోసారీ అంతే.

…నగొద్దప్పా, వినపడతాది. ముందే ఆయమ్మకి ఈ బండంటే పడదు. నా జీతంతో పాత బండి తెచ్చినానని కొన్నప్పట్నుంచి సణుగుడే. ఇప్పుడేమంటాండాది తెలుసా? "కోడలికే కాదు, కోడలి బండికి కూడా నేను బరువే" అని. ఫుట్‌పాత్ మీద కూర్చోనుండాది. ఆటోలో వాపసు ఇంటికి పోతాదంట. హొసకోటెలో నీ చెల్లెలి సీమంతం… రాహుకాలం ముందర గాజులు తొడగాల్సింది ఈ మనిషే కదప్పా.

…ఆ తావులోనే కూర్చోవాల్నా? నేనా? …ఉండు, పెట్టేయొద్దు.

అత్తా, నీ తావులో ఇప్పుడు నేను కూర్చుంటా, చూడు.

…హలో, ఉండావా? వెలిగినాయప్పా. నేను కూర్చున్నా వెలిగినాయి. అత్తా, చూస్తివా? నీ బరువూ కాదు, నా బరువూ కాదు, ఈ సీటుదే తప్పు… ఆ, లేచొస్తాండాది. నగుతాండాది కూడా.

…సీటు ఎత్తి చూడాల్నా? …ఆఫ్ చేసినా, తాళం చెవి నా చేతిలోనే ఉండాది. …షాక్ కొట్టే ఆ నారింజ రంగు తీగ ముట్టనులే. ఏ తీగా ముట్టను. అత్తా, ఆ పక్క పట్టుకో… రవ్వంత పైకి… వచ్చింది.

ఉండాది చూడప్పా. సన్నది, నల్ల తీగ. సీటు కిందుండే ఇనుప కొక్కెం కింద నలిగి, పైతోలు పోయి రాగి అగపడతాండాది. మనిషి కూర్చుంటే ఇనుముకి తగులుతాది, లేస్తే వదులుతాది. అంతే కత.

అయితే ఆ తీగ దానంతటది కొక్కెం కిందికి పోదు కదా. ఎవరన్నా సీటు ఊడదీసి బిగించి ఉంటే తప్ప…

…నువ్వేనా? ఎప్పుడప్పా?

…ఆదివారం. ఊఁ. సీటు కిందుండే బ్యాటరీ ఫ్యాన్లో దుమ్ము తీసేకి. వీడియో చూసి. సుమ్నే, ఊరికే కూర్చోలేక.

…నేనేం చెప్పలా, మీ అమ్మే వినింది. స్పీకర్లో ఉండావు… సీటు ఎత్తేకి రెండు చేతులూ కావాల కదా.

…వద్దు, మళ్లా బిగించను. మెకానిక్కు చూసేదాకా సీటు నిలబెట్టి, తాడుతో కట్టేస్తాండాము. మీ అమ్మ ముందర కూర్చుంటాది… వేస్తాండా… వచ్చింది. పచ్చగా. 'రెడీ'.

…ఏమంటాండాదా? ముందర ఏసీ గాలి బాగా తగులుతాండాదంట. ఇన్నాళ్లూ ఈ తావు నువ్వు ఆక్రమించుకోనుండావంట.

…నువ్వా? బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు గేటు కాడే నిలబడుండావా, పాపం. వచ్చేదానికేం గానీ… యాడ కూర్చుంటావప్పా? ముందర మీ అమ్మ. వెనక సీటు కట్టేసుండాది…

…నన్నడిగితే? ఉండు, మీ అమ్మ ఏందో చెప్తాండాది… బస్సులు బాగా ఉండాయంట. బండి నడిపే మనిషికి ఫోనెందుకు చేస్తావని కూడా అడుగుతాండాది… అత్తా, ఫోన్లో ఆ ఎర్రది ఒత్తొద్దు, ఒత్తితే కట్ అయి—